బండ్ల లెక్క

ట్రాక్టరు బాగు చేయించాలి. కుర్మయ్య ఎడ్లబండిని పొలానికి పంపొద్దు. ఆటోను శంషాబాద్ అడ్డా మీదికి పోనీయొద్దు. సర్పంచ్ స్కూటర్‌లో నిండా పెట్రోలు పోయించాలి. మూడు రోజుల పాటు ఊళ్ళో ఏ బండీ ఊరికే నిలబడొద్దు.

కంచెగూడ పంచాయతీ అరుగు మీద కూర్చుని సర్పంచ్ ఈశ్వరయ్య చెబుతుంటే, షెకీనా రాసిన పనుల జాబితా అది. 1997 జూన్ నెల. ఆ ఉదయమే పట్నం నుంచి ఇంజనీరు జీపులో వచ్చాడు. ఊరి రోడ్డుకు అడ్డంగా వేలు లావు రబ్బరు గొట్టం పరిచి, దాని కొసను ఒక ఇనుప పెట్టెకు తగిలించాడు. ఏది గొట్టాన్ని తొక్కినా పెట్టెలో అంకె పెరుగుతుంది.

"ఈ యంత్రం నిద్రపోదండీ, అబద్ధం చెప్పదు. చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఇవే పెడుతున్నాం. మూడు రోజుల లెక్క చూసి, ఏ ఊరికి శంషాబాద్ బస్సు వేయాలో నిర్ణయిస్తాం" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ బస్సు అందరికంటే ఎక్కువగా షెకీనాకు కావాలి. పదో తరగతి పాసైంది. శంషాబాద్ కాలేజీలో సీటు వచ్చింది. సోమవారంలోగా చేరకపోతే అది పోతుంది. రోజూ ఆటోకిచ్చే డబ్బు లేదు. ఆరు కిలోమీటర్లు ఒంటరిగా నడవడానికి తల్లి సరోజమ్మ ఒప్పుకోవడం లేదు. బస్సు వస్తే కాలేజీ, లేకపోతే తనతో పాటు టమాట తోటలో కలుపు అని తేల్చి చెప్పింది.

"పెద్దబాపూ, బండ్లు ఎక్కువుంటెనే బస్సిస్తమని సారు చెప్పిండా?" కలం ఆపి అడిగింది షెకీనా.

"చెప్పాల్నా బిడ్డా? పెద్ద లీడర్ మీటింగుకొస్తే ఏం జేస్తం? లారీలల్ల జనాన్ని నింపుకపోయి చూపెడ్తం. గా జనాన్ని చూసే గదా మనకు బోరిచ్చిన్రు, బడికి రూమిచ్చిన్రు. గిప్పుడు బండ్లు చూపెడ్తం, బస్సిస్తరు."

"సారును జర అడిగితే ఏం పోతది?"

"అడిగితే అనుమానపడ్తరు. నువ్వు రాయి."

ఊళ్ళో ఉన్నవే నాలుగు బండ్లు. నాలుగూ గొట్టం మీద అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాయి. ట్రాక్టరు పొగకు సరోజమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పెట్టె ముందు గొంతుక్కూర్చుని అంకెలు చూస్తోంది.

"కుర్మయ్యన్నా, నీ ఎడ్ల కాళ్ళు గూడ లెక్కల వడ్తున్నయే!" అని కేకేసింది.

కుర్మయ్య బండి మీదే లేచి నిలబడ్డాడు. "చూసినవా సర్పంచ్ సాబ్? ట్రాక్టర్ కంటే నా ఎడ్లే ఎక్కువ లెక్క తెస్తున్నయ్. ఇగ నీ స్కూటర్ ఇంట్ల వెట్టుకో!"

"నీ ఎడ్లకు సన్మానం జేస్తలే గని, ఆపకు. తోలు!"

మూడో రోజుకు ఊరంతా దగ్గుతోంది. ఎడ్లు గొట్టాన్ని చూస్తేనే మొరాయిస్తున్నాయి. అయినా ఎవరూ ఆగలేదు.

నాలుగో రోజు ఉదయం ఇంజనీరు వచ్చి, పెట్టె తెరిచి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"నాలుగు వేల రెండు వందల ఎనభై ఆరు! పట్నం దగ్గర మైలార్‌దేవ్‌పల్లిలో తప్ప ఇంత రద్దీ నేనెక్కడా చూడలేదండీ."

జనం చప్పట్లు కొట్టారు. సరోజమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"అయితే బస్సొచ్చినట్టేనా సార్?" అన్నాడు ఈశ్వరయ్య.

"బస్సెందుకండీ? ఇది కాలుష్యం తగ్గించే పథకం. బండ్లు లేని ఊళ్ళకే బస్సు. ఇన్ని బండ్లున్న చోట బస్సు కూడా వేస్తే పొగ మీద పొగ అవుతుంది. మీ ఊరికి నెలకోసారి పొగ పరీక్ష చేసే వ్యాను పంపమని రాస్తాను."

ఈశ్వరయ్య చేతులు జోడించాడు. "సార్, తప్పయింది. మా ఊళ్ళె ఉన్నయి నాలుగే బండ్లు. మేమే తిప్పినం. గిండ్ల సగం ఎడ్ల కాళ్ళే సార్!"

ఇంజనీరు నవ్వాడు. "మనుషులన్నాక అబద్ధాలు చెబుతారండీ. యంత్రం చెప్పదు."

"మరి బస్సు ఏ ఊరికి సార్?" అడిగింది షెకీనా.

"పక్కనే ఎర్రబావికమ్మా, సోమవారం నుంచే. పాపం, మూడు రోజుల్లో ఒక్క బండి కూడా తిరగలేదు. సున్నా! ఇంత వెనుకబడిన ఊరు జిల్లాలో లేదు."

"ఎర్రబావిలనా?" కుర్మయ్య నోరు తెరిచాడు. "ఆడ పన్నెండు ట్రాక్టర్లున్నయి గద సార్!"

అప్పటికే జీపు కదిలింది.

అందరూ తలలు దించుకుని ఇళ్ళకు పోయారు. సరోజమ్మ మాత్రం అరుగు మీదే కూర్చుని వేళ్ళ మీద దూరం లెక్కపెట్టింది. "ఎర్రబావి దాకనైతే రెండు కిలోమీటర్లే. నేనే వచ్చి ఎక్కిస్త తియ్" అంది చివరికి. సోమవారం తల్లీకూతుళ్ళు పొలం గట్ల మీదుగా నడిచారు. షెకీనా బస్సెక్కింది. కాలేజీలో చేరింది.

ఎర్రబావి బస్సు ఇప్పటికీ నడుస్తోంది. మీరెప్పుడైనా అందులో ఎక్కితే, కిటికీ పక్కన సీటు దొరికితే, ఆ ఊరి మొగులయ్యను దయచేసి ఒక్కసారి తలచుకోండి. ఇంజనీరు జీపు ఊరు దాటగానే, పెట్టె సర్కారుది కదా అని ముట్టుకోకుండా, మిరప నారుకు నీళ్ళు పెట్టుకోవడానికి గొట్టం మాత్రం కోసుకుపోయినవాడు ఆయనే.