పలకరింపుకు జవాబు

"మూడు రోజుల్నుంచి స్కాన్ బొమ్మలు రావట్లేదండీ. మీరేమో లైను భేషుగ్గా ఉందని రాసిచ్చారు," అంది డాక్టరమ్మ.

రాసింది నేనే, ఆసుపత్రి నెట్‌వర్క్ చూసేవాణ్ణి. లైను పలుకుతోందో లేదో చూద్దామని పలకరింపుగా ఒక చిన్న డేటా ప్యాకెట్ పంపాను, వెంటనే జవాబొచ్చింది, సంతకం పెట్టేశాను. కానీ బొమ్మలు పెద్ద ప్యాకెట్లలో వస్తాయి. వాటిని అందుకునే సర్వర్‌లో ఉన్నది చేత్తో పట్టుకునే కార్డు కాదు, సాఫ్ట్‌వేర్ సృష్టించిన ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు. పంపే వైపు ప్యాకెట్ సైజు పెంచిన నేను, ఇటువైపు వాటిని పట్టే జాగా, అంటే బఫర్, పెంచడం మరిచిపోయాను. పట్టనివన్నీ చప్పుడు లేకుండా పడిపోయాయి.

"అంటే గుమ్మంలోంచి పిల్లి దూరింది కాబట్టి ఏనుగూ దూరుతుందనుకున్నారా?"

"తప్పు నాదే మేడమ్."

బఫర్ పెంచాను. ఆగిపోయిన బొమ్మలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. నాలుగోది ఎవరిదో తల స్కాను. మౌస్ మీద డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అయ్యో! ఇది మొన్ననే చూడాల్సింది. ఈమె తాలూకు మనుషులెవరైనా ఉంటే పిలిపించాలి."

బొమ్మ మూలన పేరుంది. మా చెల్లెలు పుట్టినప్పుడు, ఆరేళ్ళ వయసులో నేను పట్టుబట్టి పెట్టించిన పేరు. పక్కన మా ఇంటిపేరు.

వరండాలోకి వచ్చి ఫోన్ చేశాను. రోజూ అడిగే మాటే నోటికొచ్చింది.

"ఎలా ఉన్నావమ్మా?"

"బాగానే ఉన్నా అన్నయ్యా."

జవాబు వెంటనే వచ్చింది.