ప్లాస్టిక్ తీయని రెయిలింగ్

అత్తగారు ఉన్నన్నాళ్లూ మెట్ల పక్కన పాత చెక్క రెయిలింగ్‌ని మార్చనివ్వలేదు. తన చేతికి అదే అలవాటనేది. ఆవిడ పోయిన రెండు నెలలకి ఉషశ్రీ స్టీలుది పెట్టించింది. తెనాలి నుంచి వచ్చిన ఖలీల్ పొద్దుపోయేదాకా బిగించాడు. పైపు చాలక కింది నాలుగు మెట్లూ మిగిలిపోయాయి.

"రేపొచ్చి పూర్తిచేస్తానమ్మా. అందాకా ప్లాస్టిక్ కవరు తీయకండి, గీతలు పడతాయి," అని చెప్పి వెళ్లాడు.

భర్త రేపల్లెలో నైట్ డ్యూటీకి వెళ్లాడు. ఉషశ్రీ కింద గదిలో పడుకుంది. కాసేపటికి మెట్ల పైన ప్లాస్టిక్ నలిగిన చప్పుడైంది. ఫ్యాను ఆపి విన్నది. బయట గాలి కూడా లేదు. మళ్లీ నలిగింది, ఈసారి ఒక మెట్టు కిందుగా. అలా మలుపు దాకా వచ్చి ఆగింది. అత్తగారు రోజూ ఆయాసం తీర్చుకోడానికి ఆగేది అక్కడే.

ఉషశ్రీ లేచి మెట్ల దగ్గరికి వచ్చింది. లైటు వెయ్యబుద్ధి కాలేదు.

"మెల్లగా రండి అత్తయ్యా," అంది. రోజూ అనే మాటే. నోట్లోంచి వచ్చేశాక గానీ ఏమన్నదో తెలియలేదు.

చప్పుడు మళ్లీ మొదలైంది, ఇందాకటికన్నా నెమ్మదిగా. రెయిలింగ్ చివరికొచ్చి ఆగిపోయింది. అక్కణ్ణించి కిందికి పట్టుకోడానికి ఏమీ లేదు.

ఉషశ్రీకి భయంకన్నా ముందు జాలేసింది. రెండు మెట్లెక్కి చీకట్లోకి చెయ్యి చాపింది.

అరచేతి మీద మెల్లగా బరువు పడింది.