ఆయిల్ సీల్ మెకానిక్

హులిగెమ్మ పడవలో ఇంజను కింద నల్లటి ఆయిల్ మడుగు కట్టింది. అందుకు కారణం ఇంజను కాదు, వేణుగోపాల్.

ముందు రోజు అతను తుంగభద్ర దాటే ప్రయాణికుల్లో ఒకడిగా ఆ పడవెక్కాడు. నడి ఏట్లో సంచిలోంచి కూల్‌డ్రింక్ సీసా తీసి, అందులో తెచ్చుకున్న కాలిన ఆయిల్‌ను ఫ్లైవీలు అనే బరువైన ఇంజను చక్రం వెనక ఒంపేశాడు. పక్కన నిలబడ్డ రెండు మేకలు తప్ప ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున ఖాకీ చొక్కా తొడుక్కుని, స్పానర్ల సంచి భుజాన వేసుకుని, బాడుగ ట్రాలీ ఆటో నడుపుకుంటూ అదే రేవుకు మెకానిక్‌గా వచ్చాడు. కర్నూలులో స్పేర్ పార్టుల కొట్లో రెండు నెలలు అట్టపెట్టెలు మోసిన అనుభవం, ఫోన్లో చూసిన నాలుగు వీడియోలు. మెకానిక్ పనిలో అతని చదువు అంతే. తన తెలివి మీద మాత్రం అతనికి అపారమైన గౌరవం. మొగుడు లేని ఆడమనిషి నడుపుకునే పడవ నుంచి ఇంజను కాజేయడానికి దొంగతనం ఎందుకు? మర్యాదగా అడిగితే వాళ్ళే మోసుకొచ్చి ఆటోలో పెడతారు. ఇదీ అతని సిద్ధాంతం.

హులిగెమ్మ పడవ అంచు మీద కూర్చుని వక్కాకు నములుతోంది.

"అక్కా, ఇంజను కింద ఆయిల్ సూసినావా?"

"సూసినా. మొన్నటి దాంక సుక్క కారలేదప్పా."

వేణుగోపాల్ వంగి, మడుగులో వేలు ముంచి, వాసన చూసి నిట్టూర్చాడు.

"ఆయిల్ సీల్ పోయిందక్కా. లోపలి ఆయిల్ బయటికి రాకుండా పట్టుకునే రబ్బరు రింగు. ఇట్లనే నడిపితే ఆయిలంతా కారిపోయి ఇంజను పట్టేస్తాది. నడి ఏట్లో నిలబడిపోతే జనాల గతేంది?"

"దానికేముందప్పా? ఫ్లైవీలు ఇప్పి, పాత సీల్ పెరికేసి, కొత్తది కొడితే అయిపాయ గదా. ఈడనే మార్చేకి కాదా?"

వేణుగోపాల్ వేలి జిడ్డును పడవ అంచుకు తుడుచుకున్నాడు. ఆమె చెప్పిన పద్ధతి అతను చూసిన వీడియోల కంటే స్పష్టంగా ఉంది.

"ఆ కాలం పోయిందక్కా. ఇప్పుడు కంప్యూటర్ మిషన్ మీద పెట్టి కొట్టాల. అది కర్నూలులోనే ఉండాది. సాయంత్రానికంతా తెచ్చి బిగిస్తా."

ఒంటి సిలిండరు డీజిల్ ఇంజనుకు కంప్యూటర్! హులిగెమ్మ అతన్ని కిందికీ మీదికీ చూసింది. ఏదో అనబోతుండగా ఆమె ఫోన్ మోగింది. నాలుగడుగులు పక్కకు పోయి, "ఆఁ... యాడిదాంక వచ్చినారు?... సరే, సరే" అని పెట్టేసింది. తిరిగి వచ్చేసరికి మనిషే మారిపోయింది.

"తీస్కపో అప్పా. బిరీన తీస్కపో."

ఇదంతా కంప్యూటర్ అన్న మాట మహిమేనని వేణుగోపాల్ లోలోపల తనను తాను మెచ్చుకున్నాడు.

హులిగెమ్మ కేక వేయగానే ఆమె మరిది చిన్న ఈరన్న, ఇంకో ముగ్గురూ పరిగెత్తుకొచ్చారు. అరగంట తిరక్కుండా నట్లు ఊడదీసి, ఇంజను మోసుకొచ్చి ఆటోలో పెట్టారు. వేణుగోపాల్ చొక్కాకు మరక కూడా అంటలేదు.

"నీ పేరేమప్పా?"

చెప్పడానికి ఒక దొంగ పేరు సిద్ధం చేసుకునే వచ్చాడు. కానీ ఆమె ఆదరణకు మనసు కరిగి నోట్లోంచి అసలు పేరే వచ్చేసింది. "వేణుగోపాలక్కా."

"ఏ దావన పోతాండావు?"

"నేరుగా కర్నూలు రోడ్డే."

"అదే మంచిది" అంటూ రెండు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి చేతిలో పెట్టింది. ఇంత అమాయకురాలు ఈ లోకంలో ఎలా బతుకుతుందోనని వేణుగోపాల్ ఆటో నడుపుతూ జాలిపడ్డాడు.

ఆ జాలి ఎనిమిది కిలోమీటర్లు కూడా సాగలేదు. మలుపులో పోలీసు జీపు అడ్డంగా నిలబడి ఉంది. ఎస్సై ఆటో ఎక్కి, ఇంజను మీది జిడ్డు తుడిచి, దాని మీద కొట్టిన నంబరును చేతిలోని కాగితంతో సరిచూసుకున్నాడు.

"దొరికినావురా వేణుగోపాలూ."

"నేను మెకానిక్‌ను సార్. ఆయిల్ సీల్ మార్చేకి..."

"ఇది మూడు వారాల కిందట సర్కారు వరద సాయం పడవ నుంచి పోయిన ఇంజను. పొద్దున్నుంచి ఒడ్డెంబడి ఊరూరా పడవలు ఎతుకుతాండాం. ఇంతలో రేవు కాడి టీ కొట్టు నుంచి ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి, నీ పేరు, నువ్వొచ్చే దావ చెప్పింది."

వేణుగోపాల్ రెండు చేతులూ జోడించాడు. సర్కారు సొమ్ము దొంగతనం ముందు హులిగెమ్మను మోసం చేయడం అతనికి పుణ్యకార్యంలా కనిపించింది.

"సర్కారు ఇంజను నేను ముట్టలేదు సార్! ఇది హులిగెమ్మ పడవలోది. నిన్న నేనే కాలిన ఆయిల్ పోసి, సీల్ పోయిందని అబద్ధం చెప్పి, ఎత్తుకొస్తాండా. ఆయమ్మను మోసం చేసినా సార్, నమ్మండి!"

పుట్టి బుద్ధెరిగాక అతను ఒక్కసారిగా ఇన్ని నిజాలు చెప్పింది అదే మొదలు.

ఎస్సై టీ కొట్టుకు ఫోన్ కలిపి, హులిగెమ్మను పిలవమని స్పీకర్లో పెట్టాడు. పిలవాల్సిన అవసరం లేకుండానే ఆమె పలికింది.

"ఏమమ్మా, నీ పడవలో ఇంజను ఎవడన్నా ఎత్తుకపోయినాడా?"

"ఇంజనా? మాది తెడ్లేసే పడవ గదా సార్, దానికి ఇంజను యాడిది?"