చివరింటి కుళాయి

"మా వీధి చివరింటికి చుక్క నీరు రావట్లేదండి. మన జగ్గయ్యపేట మున్సిపాలిటీకి పట్టదా?" పుష్పవతి ఫోన్‌లో కౌన్సిలర్‌ని నిలదీస్తోంది. పక్కనే ఆమె కుళాయికి బిగించిన మోటారు గుర్రుమంటూ నీళ్లు లాగి మేడమీది ట్యాంకు నింపుతోంది.

ఆ చివరింటి మౌలాబీ బిందెతో వాకిట్లో నిలబడి ఉంది. రోజూ ఇక్కడికే నీళ్లకొస్తుంది.

"నీ గురించే అడిగా మౌలాబీ."

"మీరు చల్లగా ఉండాలక్కా."

అంతలో కరెంటు పోయి మోటారు ఆగింది. కాసేపటికి వీధి చివర నుంచి మౌలాబీ కూతురు గుల్షన్ కేకేసింది.

"అమ్మీ, మన కుళాయి వస్తోంది!"

"కౌన్సిలర్ గారు భలే తొందరగా చేయించారక్కా," అంది మౌలాబీ నవ్వకుండా.

పదేళ్లుగా తను దానం చేస్తున్నాననుకున్న నీళ్లు ఎవరివో పుష్పవతికిప్పుడు తెలిసింది.

కరెంటొచ్చింది. మోటారు మళ్లీ అందుకుంది.

"ఆగిపోయాయమ్మీ," అని గుల్షన్ గొంతు.

పుష్పవతి గబగబా వెళ్లి స్విచ్చి కట్టేసింది. ట్యాంకు ఇంకా సగం కూడా కాలేదు.

"నిండిందిలే," అంది, మౌలాబీ మొహం చూడకుండా.

మౌలాబీ ఖాళీ బిందె చంకనెత్తుకుని గేటు దాకా వెళ్లి ఆగింది.

"రేపు కూడా నిండుద్దా అక్కా?"