ఎదురింట్లో పడ్డ దీపం

“ఈ దరిద్రం నీదేనా?”

తలుపు తీసిన తార ఎదుట ఒక ముసలావిడ నిలబడి ఉంది. చేతిలో సగం కాలిన కాగితం దీపం. అరచేతులకు మసి, తడిసిన చీర కుచ్చిళ్ళు. ద్వారబంధం పట్టుకున్నా కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. అంత కోపమా అనుకుంది తార.

దీపం తనదే. లత అనే పేటలో తార వంటపని చేసే హోటలు యజమానురాలు థాయ్ మనిషి. కార్తీక పున్నమినాడు తమ ఊళ్ళో ఇలాంటి దీపాలు ఆకాశంలోకి వదులుతారనీ, పట్టుకున్న పీడ వాటితోనే పోతుందనీ చెప్పి, ఒకటి తార చేతిలో పెట్టింది. తార దానిమీద తన పేరూ, భర్త గోపీకృష్ణ పేరూ తెలుగులో రాసింది. ఆ పున్నమి సాయంత్రం అతను టాక్సీ నడపడానికి వెళ్ళాక, పండగకి సందంతా కొవ్వొత్తులు వెలిగించే వేళకి ఒక్కతే మేడమీదికెక్కి దీపం వదిలింది. అది ఇళ్ళ కప్పులు దాటడం చూసి, దండం పెట్టుకుని కిందికి వచ్చేసింది.

దీపం ఊరి పక్క నది దాకా పోలేదు. గాలి తిరిగి ఎదురింటి వరండాలో ఆరేసిన చీర మీద పడింది. ఆ సమయానికి ఇంట్లో మరెవరూ లేరట. ముసలావిడే చెంబులతో నీళ్ళు కుమ్మరించి మంట ఆర్పిందట.

“ఈ సందులో తెలుగు రాసీవోలు ఇంకెవులున్నారు? అందుకే ఇటొచ్చేను. నీ పీడ నీ కాడే ఎట్టుకో” అంటూ దీపాన్ని తార చేతిలో కుక్కింది.

తార తప్పయిందంది. కొత్త చీర కొనిస్తానంది. ఆవిడ వినిపించుకోలేదు. ఊరిమీదికి వదిలేటంత పీడ నీకేం వచ్చిందని నిలదీసింది.

తార చెప్పలేక చెప్పింది. రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి కదలికలు కూడా తెలిశాయి. ఆ మాట అంటూనే గుమ్మంలో కూలబడి ఏడ్చేసింది. తను ఏడిస్తే గోపీకృష్ణ తిండి మానేస్తాడని ఇన్నాళ్ళూ అతని ముందు కన్నీళ్ళు దాచుకుంటూ వచ్చింది.

ముసలావిడ గోడ ఆసరాతో మెల్లగా పక్కన చతికిలబడింది. చాలాసేపు తార వీపు నిమురుతూ కూర్చుంది.

“ఇలాటిది గాల్లోకి ఒగ్గితే పోదే పిల్లా. ఇంకెవులి నెత్తిమీదో పడతాది. సాటి మడిసికి సెప్పుకోవాల” అంది. తార కళ్ళు తుడిచి, “ఏటి వొండేవు?” అని అడిగింది.

తార తను హోటల్లో వంట చేస్తానని చెబుతూ రొయ్యల కూరతో అన్నం పెట్టింది. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని ఉప్పు చాలలేదంది, పులుపు ఎక్కువైందంది, వంటపని చేసేదానివి ఇదేం వంటంది. అంటూనే మారు వడ్డించుకుంది. తారకి నవ్వొచ్చింది. పేరడిగితే తాయారమ్మ అని చెప్పింది. రేపు పొద్దున్నే వచ్చి పులుసు ఎలా పెట్టాలో చూపిస్తానని కూడా అంది.

ఇంతలో మెట్లమీద పరుగు వినబడింది. తార తలుపు తీస్తే ఎదురింటి మోహనకృష్ణ. రేవులో పని ముగించుకుని రోజూ ఇదే వేళకి ఇంటికి రావడం తార చూస్తూనే ఉంది. చీర సంగతి తెలిసి దెబ్బలాటకి వచ్చాడనుకుని, తారే ముందుగా చీర మాట ఎత్తి క్షమించమంది.

“సీరేటో నాకు తెలీదమ్మా” అన్నాడతను రొప్పుతూ. “మా యమ్మ మంచమ్మీద లేదు. నాన్న పోయిన కాడ్నించి ఎంత బతిమాలినా ఒక్కడుగైనా ఎయ్యలేదు... ఎవులైనా ఎత్తుకుపోతంటే సూసేవేటి?”