పద్నాలుగో ప్రశ్న

లాటరీలో వీధి మొత్తానికి తగిలింది ఒక్క ఇల్లే. అది టైలరమ్మ ఇల్లు.

ఆ వీధిలో ఆడవాళ్లంతా ఒకే కంపెనీకి ఇళ్లలో కూర్చుని చొక్కాలు కుడతారు. అదే గుడ్డ, అదే కొలత, అవే ఏడు గుండీలు. రాష్ట్రంలోకెల్లా పెద్ద నగరంలో కుడితే చొక్కాకు పదకొండు రూపాయలు. ఇక్కడ కుడితే ఏడు. ఇదేం న్యాయమని అడిగితే, అక్కడ బతుకు ఖరీదు, ఇక్కడ చవక అంటుంది కంపెనీ. నూనె డబ్బా మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే ధర. పెద్ద నగరం వాళ్లకి తలా రెండు పొట్టలుంటాయా అని రేడియో పిన్ని మీటింగులో నిలదీస్తే మేనేజరు టైమయిందని లేచిపోయాడు.

చివరికి కార్మిక శాఖ సర్వే పెట్టింది. రెండు నగరాల్లోనూ వీధికో ఇంటిని లాటరీ తీసి ఎంచి, రాబడి ఎంతో ఖర్చు ఎంతో రాసుకుంటారు. ఇక్కడ రాబడి ఖర్చుకు చాలడం లేదని తేలితే రేటు పెరుగుతుంది. లేదంటే ఇంకో ఐదేళ్లు ఆ ఏడే గతి.

రేడియో పిన్నిది పక్కిల్లు. ఆవిడ చెవిన పడ్డ మాట పది నిమిషాల్లో వీధి చివర వినిపిస్తుంది, అందుకే ఆ పేరు. వారం రోజులుగా టైలరమ్మకు పాఠం చెబుతోంది.

"ఉన్నదున్నట్టు చెప్పవే తల్లీ. గొప్పలకు పోయావో, అందరం మునుగుతాం."

నిజం చెప్పడానికి కూడా ట్యూషనా అని టైలరమ్మ నవ్వింది.

వచ్చినవాళ్లు ఇద్దరు. కళ్లజోడు ఆఫీసరమ్మ, వెనకాల కాగితాల సంచీతో ఒక గుమాస్తా. ఇద్దరూ పెద్ద నగరం నుంచే వచ్చారు. వాళ్ల జాబితాలో పేర్లుండవు, ఇంటి నంబర్లే. తలుపు తీసిన టైలరమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. బతుకంతా విప్పి చూపించడమంటే మాటలా మరి? పిన్ని వెనక నుంచి పొడిచాక గానీ "రండి" అన్న మాట రాలేదు.

ఉన్నది ఒక్క గది. ఒక్క కుర్చీ. అందులో ఆఫీసరమ్మ కూర్చుంది. గుమాస్తాకు కుట్టిన చొక్కాల మూటే ఆసనమయింది.

అద్దె ఎంత, కరెంటు ఎంత, మందులకెంత అని మొదలయింది. అంతవరకూ పరవాలేదు. తర్వాతి ప్రశ్నలే మనిషిని నిలువునా ఒలిచేవి. పాలు వారానికి ఎన్నిసార్లు? రెండుసార్లు. చెప్పులు ఎన్ని జతలు? ఒకటే, అదీ రెండుసార్లు కుట్టించింది. కొత్త బట్టలు చివరిసారి ఎప్పుడు కొన్నారు? రోజుకు ఇరవై చొక్కాలు కుట్టే మనిషికి ఆ సంగతి గుర్తు రాలేదు. సిగ్గుతో ఆవిడ ప్రాణం చచ్చిపోతోంది. ఒక్కో జవాబుకూ గొంతు ఒక్కో మెట్టు దిగుతోంది.

గుమాస్తా వంచిన తల ఎత్తకుండా రాస్తున్నాడు. ఎండకు కాబోలు, చెమట కారి కాగితం అంచు తడిసింది. మంచినీళ్లు ఇస్తే తాగకుండా పక్కన పెట్టాడు.

పిన్ని గుమ్మంలో నిలబడి ప్రతి జవాబుకూ సంతోషంగా తలూపుతోంది. పదమూడు ప్రశ్నలయ్యాయి. గుమాస్తా పద్నాలుగోది వదిలేసి పేజీ తిప్పబోయాడు.

"అది దాటేశావేంటి? అడుగు," అంది ఆఫీసరమ్మ.

అతను గొంతు సవరించుకున్నాడు. "మీకు... అయినవాళ్లెవరైనా డబ్బు పంపుతారా?"

టైలరమ్మ తల వంచుకుంది. ఆఫీసరమ్మకు జాలేసింది. ఎవరూ లేరని రాసెయ్యమంది. ఒకవేళ తోడబుట్టినవాళ్లు ఉండి కూడా ఈ మనిషిని ఇలా వదిలేశారంటే వాళ్లది మనిషి పుట్టుకే కాదంది.

అప్పుడు తలెత్తింది టైలరమ్మ.

"ఎందుకు లేరమ్మా? నాకు తమ్ముడున్నాడు. నెలకు ఎనిమిది వేలు పంపుతాడు. ఒకటో తారీఖు దాటనివ్వడు."

గుమ్మంలో పిన్నికి పొలమారింది.

గుమాస్తా కలం ఆగిపోయింది. ఆ అంకె వేస్తే ఖర్చు కంటే రాబడే ఎక్కువని తేలుతుందనీ, ఇక రేటు పెరగదనీ గొణిగినట్టు చెప్పాడు.

"చెప్పింది రాయండి సార్," అంది టైలరమ్మ.

ఆఫీసరమ్మ మురిసిపోయింది. తమ్ముడు చూడటానికి వస్తుంటాడా అని అడిగితే, సెలవు దొరికితే చాలు వాలిపోతాడు, నేనే వద్దంటానని చెప్పింది టైలరమ్మ. ఈ కాలంలో ఇలాంటి తమ్ముళ్లు ఎక్కడున్నారని ఆఫీసరమ్మ ఆశ్చర్యపోయింది. విన్నావా అంటూ గుమాస్తా వైపు చూసింది. అతను ఎనిమిది పక్కన మూడు సున్నాలు వంకరటింకరగా చుట్టి లేచాడు.

వాళ్లు సందు మలుపు తిరిగారో లేదో పిన్ని విరుచుకుపడింది. ఏ తమ్ముడే అంది. వెన్ను విరిగేలా మిషను తొక్కి చదివిస్తే, ఉద్యోగం రాగానే మొహం చాటేసినవాడేనా అంది. నువ్వీ వీధికొచ్చి నాలుగేళ్లయింది, వాడి నీడైనా ఎవరైనా చూశారా, వాడు చిల్లిగవ్వైనా పంపాడా అని కడిగేసింది. అప్పటికి వీధిలో ఆడవాళ్లంతా పోగయ్యారు. పాతిక ఇళ్ల వాళ్లు. వాళ్ల మొహాలు చూసే ధైర్యం లేక టైలరమ్మ నేల చూపులు చూసింది.

"ఎవరికోసమే ఈ అబద్ధం? ఆ కళ్లజోడావిడ దగ్గర గొప్ప కోసమా?"

టైలరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"తప్పే పిన్నీ, మీ అందరి కడుపూ కొట్టాను... కానీ ఏం చెయ్యను, తల వంచుకుని ఆ కాగితం నింపినవాడే నా తమ్ముడు."