అలాంటి పేరుగలవాళ్లు లేరు

పొద్దుటి లాంచీలో ఆ ముసలాయన ఒక్కడే దిగాడు.

రేవు గట్టు మీద తొమినో ఉడికించిన నెత్తళ్లు చాపల మీద ఎండబోస్తోంది. అరవై ఏళ్ల మనిషి. ఆమెకు మిగిలిన బెంగ ఒక్కటే. యాభైమూడేళ్ల కిందట తుఫానుకి సముద్రంలో పోయిన అన్న సుతె ఇంకా దొరకలేదు. "ఎముకైనా తెచ్చి నా పక్కన పెట్టవే" అని అడిగి అమ్మ కన్నుమూసింది. తొమినో మాటిచ్చింది.

"అమ్మా, ఈ దీవిలో సదకజు అనే అబ్బాయి ఉండేవాడా? చాలాకాలం కిందట."

"సదకజునా! అంత దొరల పేరు మాకెక్కడిది పెద్దాయనా?"

"బాగా గుర్తు తెచ్చుకో తల్లీ."

"పుట్టిందగ్గర్నుంచీ ఇక్కడే పడున్నా. నాకు తెలియని పీత కూడా లేదు. అయినా ఏం పని?"

"వాళ్లింటివాళ్లకే చెప్పాలి. ఇది రేవులో చెప్పే మాట కాదు."

"అబ్బో! బీమా ఏజెంటువా ఏంటి?"

ఆయన నవ్వాడు. చినుకులు పడితే అడక్కుండానే చాపలు కొట్టంలోకి మోశాడు. తర్వాత ఊరంతా తిరిగాడు. అందరూ అదే మాట చెప్పారు. సాయంత్రం లాంచీలో వెళ్లిపోయాడు.

చలికాలంలో తొమినో, అమ్మానాన్నల సమాధి తన పేరున రాయించుకోవడానికి పట్నం ఆఫీసుకి వెళ్లింది.

"మీ అన్నగారు సదకజు..." గుమాస్తా కుటుంబ రిజిస్టరు చదువుతున్నాడు.

"మా అన్న పేరు సుతె బాబూ."

"అది పిలుపు పేరేమో. ఇదిగో, చూడండి."

సుతె అంటే పారేసినవాడు. తండ్రికి కీడు తగిలే ఏట పుట్టాడని, దారి మలుపులో ఉత్తుత్తికే పారేసి, పొరుగావిడ చేత ఏరించి తెచ్చుకున్నారు. ఆ కీడు చెవిన పడకూడదని అసలు పేరు ఎవరూ పలకలేదు. మెడలో తాయెత్తులో మాత్రం రాయించారు. దేవుడి దగ్గర అబద్ధం చెల్లదు కదా.

తిరుగు లాంచీలో, దాన్ని నడిపే కన్‌బెని అడిగింది.

"సదకజు కోసం వచ్చిన ఆ ముసలాయన ఎక్కడుంటాడు?"

"అవతలి దీవిలో. కిందటి నెల పోయాడక్కా. వెనకా ముందూ ఎవరూ లేరు. గుడివాళ్లు ఆయన్ని దహనం చేసి, వాళ్లింటి సమాధి ఖాళీచేసి, ఎముకలన్నీ అనాథల గుంటలో కలిపేశారు."

"అన్నీ అంటే?"

"ఆయన అమ్మానాన్నలవి, ఆయనవి. ఇంకా, ఆయన వయసులో ఉండగా వలలో శవమై పడ్డ కుర్రాడివి. తన వాళ్ల మధ్యే పెట్టుకుని రోజూ సమాధి ముందు అన్నం పెట్టేవాడట. తాయెత్తులో పేరొక్కటే మిగిలిందిట. అది పట్టుకుని ఏటా ఒక దీవికి వెళ్లి అడిగేవాడు."

తొమినోకి ఏడుపు రాలేదు.

రేవు వచ్చింది. దిగమన్నా దిగలేదు, అవతలి దీవి వైపే చూస్తోంది.

అమ్మకు మాటిచ్చి ఆమె ఊరుకుంటే, యాభైమూడేళ్లు ఆ మాట మోసినవాడు ఆ ముసలాయన.